గంటలోపు రేసు, గంటలకొద్దీ విచారణ

మోటారు రేసుల సీజను అంటే లోకానికి మెల్బోర్న్, మొనాకో, సిల్వర్‌స్టోన్, అబుదాబి. మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు మాత్రం బంజారాహిల్స్‌లో ఏసీబీ ఆఫీసు, బషీర్‌బాగ్‌లో ఈడీ ఆఫీసు, ఆ పైన హైకోర్టు, ఢిల్లీలో సుప్రీంకోర్టు, చివరికి రాజ్‌భవన్. వాళ్ల సీజనులో కార్లు ఉరుకుతాయి. మా సీజనులో కాన్వాయ్‌లు ఉరుకుతాయి, వాటి వెనక టీవీల వ్యాన్లు, వ్యాన్ల వెనక యూట్యూబ్ ఛానళ్ల బైకులు.

అంతమాత్రాన మమ్మల్ని రేసు తెలియనివాళ్ల కింద జమకట్టొద్దు. ఎర్రవల్లి చౌరస్తాలో ఏ చాయ్ బండి దగ్గర నిలబడ్డా కరెంటు కార్ల రేసు ఫార్ములా-ఈ గురించి అరగంట మాట్లాడే మనిషి దొరుకుతాడు. కారు ఎట్లుంటుందో అడగొద్దు. అది ఆయన సబ్జెక్టు కాదు. పౌండ్లు ఎన్ని పోయాయి, ఏ ఖాతా నుంచి పోయాయి, ఏ తారీఖున పోయాయి, ఫైలు మీద ఎవరు ఏం రాశారు అని అడగండి. సెకన్లతో సహా చెప్తాడు. రేసు గెలిచింది ఎవరని అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, “రేవంత్ రెడ్డే కదా” అంటాడు.

అందుకని చెప్తున్నాను, ఆ రేసు నిజంగానే జరిగింది. 2023 ఫిబ్రవరి 11, శనివారం. హుస్సేన్ సాగర్ ఒడ్డున, కొత్త సచివాలయం పక్కనుంచి, 2.8 కిలోమీటర్ల చుట్టు, 18 మలుపులు. నోయిడాలో ఫార్ములా వన్ మూతపడిన పదేళ్లకు దేశం గడప తొక్కిన ప్రపంచ చాంపియన్‌షిప్ కారు రేసు. సచిన్ వచ్చాడు. రాంచరణ్ వచ్చి ఆనంద్ మహీంద్రాకు నాటు నాటు స్టెప్పు నేర్పి వెళ్లాడు. ఆ వారమంతా ఖైరతాబాద్ చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఉద్యోగులు కదలకుండానే ప్రపంచ వేగాన్ని అనుభవించారు. కార్లు ప్రాక్టీసుకు దిగే ముందు మామూలు బండ్లు ట్రాకు మీదికి వచ్చేసిన వీడియోలు ఊరూరా తిరిగాయి. నిర్వాహకులకు అది భద్రతాలోపం. నాకైతే అది ఆ రోజు జరిగిన ఏకైక ప్రజా భాగస్వామ్యం.

గెలిచింది ఫ్రాన్స్ వాడు జీన్ ఎరిక్ వెర్న్. ఎట్లా గెలిచాడో మన ఆర్థిక శాఖ వాళ్లకు ఒకసారి వేసి చూపించాలి. వెనక నిక్ క్యాసిడీ తోక పట్టుకుని వస్తున్నాడు, కారులో బ్యాటరీ అడుగంటుతోంది. ఇతను తొందరపడలేదు. మలుపు ముందే కాలు తీసేసి, బ్రేకు పడ్డప్పుడల్లా కరెంటు వెనక్కి రాబట్టి, అర సెకను తేడా కూడా లేకుండా గీత దాటాడు. ఈ కార్లు గంటకు 320 కిలోమీటర్ల దాకా పోగలవు. అయినా ఈ పోటీలో ఎక్కువ తొక్కినవాడు గెలవడు. చేతిలో ఎంతుందో, ఎంతదూరం పోవాలో లెక్క తెలిసినవాడే గెలుస్తాడు. ఉన్నదెంతో ఇచ్చిన మాటలెన్నో పొంతన కుదరని ప్రభుత్వాల రాజధానిలో, అది కూడా సరిగ్గా సచివాలయం గోడ పక్కన, ఈ పోటీ పెట్టినవాళ్ల హాస్యప్రియత్వానికి దండం పెట్టాలి.

ఇంకో ముచ్చట. ఆ రోజు అందరికంటే ముందు బయల్దేరింది జాగ్వార్ జట్టు మిచ్ ఎవాన్స్. అతన్ని వెనకనుంచి వచ్చి గుద్దింది ప్రత్యర్థి కాదు, అదే జట్టు సామ్ బర్డ్. ఒకే యజమాని కార్లు రెండూ ఒక్క మలుపులో మూలపడ్డాయి. గాంధీభవన్ వాళ్లకూ తెలంగాణ భవన్ వాళ్లకూ దీన్ని విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

అసలు చూడాల్సింది రేసు అయిపోయాక జరిగింది. మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ కారు అనుమతించినదానికంటే ఎక్కువ పవర్ వాడిందని తేలింది. స్టీవార్డులు కూర్చున్నారు, కారులోని లెక్కలు తీశారు, శిక్ష వేశారు. మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు పోయింది. అంతా ఆ రోజే. కాస్త కరెంటు ఎక్కువ వాడినవాడి సంగతి కప్పులు సర్దేలోపే తేలిపోయింది. ఇదే రేసు రెండో ఏడాదికి కట్టిన దాదాపు 55 కోట్ల సంగతి తేల్చడానికి మనకు రెండు దర్యాప్తు సంస్థలు, రెండు పెద్ద కోర్టులు, ఒక గవర్నరు సరిపోలేదు. విదేశాల నుంచి రేసును దిగుమతి చేసుకున్నవాళ్లు ఆ స్టీవార్డుల్ని కూడా ఒక ఇద్దర్ని ఇక్కడే ఉంచేసుకుంటే బాగుండేది. కానీ వాళ్లతో చిక్కుంది. వాళ్లు రేసు జరిగిన రోజే తీర్పు చెప్తారు, ఎన్నికల దాకా ఆగరు.

ఇక మా సీజను రౌండ్లు. 2023 అక్టోబరులో, రెండో రేసు కోసం, హెచ్ఎండీఏ ఖాతా నుంచి బ్రిటన్‌లోని నిర్వాహకులకు డబ్బు పౌండ్లుగా వెళ్లింది. మొదటి ఏడాది ఖర్చు మోసిన ప్రమోటరు అప్పటికే తప్పుకున్నాడు. ఒప్పందం మీద సంతకం అక్టోబరు 30న. అంటే డబ్బు ముందు, కాగితం వెనక. ఎన్నికల కోడ్ వచ్చి అప్పటికి మూడు వారాలు. డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 జనవరి 5న నిర్వాహకులే ప్రకటించారు, ఫిబ్రవరి 10న జరగాల్సిన హైదరాబాద్ రేసు లేదని, తెలంగాణ పురపాలక శాఖ ఒప్పందం తప్పిందని. ఆ ఏడాదే డిసెంబరు 19న ఏసీబీ కేసు పెట్టింది. అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్, ఆ శాఖ చూసిన ఐఏఎస్ అధికారి అర్వింద్ కుమార్, హెచ్ఎండీఏ చీఫ్ ఇంజనీరు బీఎల్ఎన్ రెడ్డి నిందితులు. మంత్రివర్గం ఆమోదం లేదు, ఆర్థిక శాఖను అడగలేదు, రిజర్వు బ్యాంకు అనుమతి లేదు అన్నవి ఆరోపణలు. పోయిన డబ్బు నేరుగా నిర్వాహకుల ఖాతాకే పోయింది, ఎవరి జేబులోకీ రాలేదు, రాష్ట్రం పేరు కోసం తీసుకున్న నిర్ణయం, ఇది కక్షసాధింపు అన్నది కేటీఆర్ మాట. 2025 జనవరి 7న కేసు కొట్టేయడానికి హైకోర్టు ఒప్పుకోలేదు. 9న ఏసీబీ విచారణ, 16న ఈడీ విచారణ, నడుమ సుప్రీంకోర్టు తలుపు తట్టి వెనక్కి తీసుకున్న పిటిషను, జూన్‌లో మళ్లీ ఏసీబీ, నవంబరులో విచారణకు గవర్నర్ అనుమతి. రేసు గంటలోపు అయిపోయింది. ఒక్కో విచారణ అంతకు ఎన్నో రెట్లు సాగింది.

నేరమో కాదో తేల్చాల్సింది కోర్టు. కానీ వనపర్తి రాజీవ్ చౌక్‌లో అంత ఓపిక ఎవరికుంది? అక్కడ తీర్పు ఎప్పుడో వచ్చేసింది, రెండు తీర్పులు.

“పైసలు జేబుల పడ్డయా అన్నా? కంపెనీ ఖాతల పడ్డయి. గీ పాటి దానికి ఏసీబీనా?”

“మరి ఎవర్నడిగి పంపిండు తమ్మీ? నీ ఇంట్ల పైసలు నీ బావమర్ది ఎవ్వర్నీ అడగకుంట దానం జేస్తే ఊకుంటవా?”

“మీరు బిడ్డ పెండ్లికి తులం బంగారమిస్తమన్నరు, ఏమైంది?”

“అది వేరే ముచ్చట. ఇప్పుడు రేసు గురించి మాట్లాడుతున్నం.”

ఇట్లా రేసు గురించి మాట్లాడతారు. ఫెరారీ అభిమానికీ మెర్సిడెస్ అభిమానికీ ఉండే పౌరుషం అంతా ఉంటుంది, కార్లు తప్ప. ఏ లాయరు ఏ టైములో ఏ పిటిషను వేస్తాడన్నది మాకు టైర్ల వ్యూహం. నోటీసు వస్తే పసుపు జెండా, స్టే వస్తే సేఫ్టీ కారు, వాయిదా పడితే వాన పడి ఆగిన రేసు. ఇన్ని తెలిసినవాళ్లను కూడా ఒక్క ప్రశ్న అడిగితే బిత్తరపోతారు. ఆ రేసు వల్ల మనకు ఏమొచ్చింది, రద్దు వల్ల ఏం పోయింది?

లెక్క లేదని కాదు, ఉంది. మొదటి రేసు వల్ల హైదరాబాద్‌కు దాదాపు 8.4 కోట్ల డాలర్ల ప్రయోజనం కలిగిందని నీల్సన్ సంస్థ నివేదిక. రూపాయల్లో ఇంచుమించు 700 కోట్లు. బీఆర్ఎస్ గులాబీ నాయకులు ఆ కాగితం చూపించినంత గర్వంగా పెండ్లిలో కట్నం చీరలు కూడా ఎవరూ చూపించరు. ఇట్లాంటి లెక్కలు ఎట్లా కడతారో తెలుసా? హోటల్ గదుల అద్దె, విమానం టికెట్లు, తిండి, టాక్సీలు, ఆ పైన టీవీలో ఊరి పేరు ఎన్ని సెకన్లు కనపడితే అంత వాణిజ్య ప్రకటనకు ఎంతయ్యేదో ఆ విలువ. చివరిది చాలా సుఖమైన పద్దు. పుచ్చుకున్నవాడు ఉండడు, ఇచ్చినవాడు ఉండడు, మొత్తం మాత్రం వస్తుంది. కేసు పెట్టినవాళ్లయినా ఈ లెక్క తప్పు, ఇదిగో మా లెక్క అన్నారా? అదీ లేదు. వాళ్ల దగ్గర 55 కోట్ల ఖర్చు ఉంది, వీళ్ల దగ్గర 700 కోట్ల లాభం ఉంది. ఆ రెండు కాగితాలు ఒకే బల్ల మీద ఒక్కనాడూ కలుసుకోలేదు. కలిస్తే సీజను అయిపోతుంది మరి.

ప్రభుత్వం మారితే రేసు పోవడం మనకు కొత్త కాదు. గోపనపల్లి దగ్గర ఫార్ములా వన్ ట్రాకు వస్తుందని చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు గట్టిగా చెప్పుకున్నారు. 2004లో ప్రభుత్వం పోయింది, ట్రాకు కాగితం మీదే ఎండిపోయింది. నోయిడా వాళ్లు ట్రాకు కట్టనైతే కట్టారు. 2011, 2012, 2013, మూడేళ్లు మూడు రేసులు, మూడూ వెట్టెల్ గెలిచాడు. ఈలోగా ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి ఒక సందేహం వచ్చింది, ఇది ఆటా, వినోదమా అని. వినోదమైతే పన్ను కట్టమన్నారు. పన్నుల గొడవలు ముదిరి ఎఫ్-వన్ వాళ్లు మళ్లీ రాలేదు. అదే ట్రాకు మీద 2023 సెప్టెంబరులో మోటోజీపీ బైకులు వచ్చాయి, ఒక్కసారే. 2011లో నోయిడాలో గళ్ల జెండా ఊపింది సచినే, 2023లో హుస్సేన్ సాగర్ దగ్గర కనపడిందీ సచినే. ఆయన తప్పేమీ లేదు కానీ, మూడోసారి పిలిచే ముందు నిర్వాహకులు కాస్త ఆలోచించాలి. ఇతర దేశాల్లో కార్లు రిటైర్ అవుతాయి, రేసులు ఏటేటా నడుస్తాయి. మన దగ్గర కార్లు భేషుగ్గా ఉంటాయి, రేసులే రిటైర్ అవుతాయి.

ఇందులో మా జిల్లాల వంతు ఎంత? 2023 ఎన్నికల్లో నడిగడ్డలో గద్వాల, అలంపూర్ సీట్లు రెండూ కారు గుర్తుకే పడ్డాయి. కృష్ణ దాటితే వనపర్తి, నాగర్‌కర్నూలు, కొల్లాపూర్, అచ్చంపేట, కల్వకుర్తి అన్నీ చేయి పట్టుకున్నాయి. కేసు పెట్టిన ప్రభుత్వ పెద్ద, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, మా వంగూరు మండలం కొండారెడ్డిపల్లివాడు, వనపర్తిలో చదువుకున్నవాడు. కాబట్టి ఈ రేసులో మాకు సొంత డ్రైవరు ఉన్నాడని కొందరి మురిపెం. ఇక పిట్ స్టాపుల సంగతి. 2023 ఖతార్ రేసులో మెక్‌లారెన్ జట్టు నాలుగు టైర్లు 1.8 సెకన్లలో మార్చి రికార్డు కొట్టింది. గద్వాల ఎమ్మెల్యే బండ్ల కృష్ణమోహన్ రెడ్డి 2024 జులై మొదటి వారంలో కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు, నెలాఖరుకు అసెంబ్లీలో బీఆర్ఎస్ గదిలో కనపడ్డారు, ఆ వారం తిరగకముందే మళ్లీ కాంగ్రెస్‌తోనే అన్నారు. ఇంత జరిగినా ఆయన పార్టీ మారినట్టు ఆధారం లేదని 2025 డిసెంబరులో స్పీకరు తేల్చారు. అంటే అన్ని చుట్లు తిరిగిన కారు గ్యారేజీలోంచి కదలనే లేదట. మెక్‌లారెన్ వాళ్లు వచ్చి నేర్చుకోవాల్సిన విద్య ఇది.

కరెంటు సంగతి కూడా ఒకటుంది. ఇది కరెంటు కార్ల రేసు. గద్వాల పక్కన జూరాల డ్యాం మీద 234 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది, దాని కింద దిగువ జూరాలలో ఇంకో 240. కృష్ణ మా ఊళ్లను ముంచి కరెంటు చేస్తుంది. కరెంటు ఇక్కడ పుడుతుంది, రేసు హుస్సేన్ సాగర్ దగ్గర జరుగుతుంది, కేసు బంజారాహిల్స్‌లో నడుస్తుంది. మాకు మిగిలేది అభిప్రాయం.

రేసు వెంట పరిశ్రమలు వచ్చాయి కదా అంటారు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల బ్యాటరీల ఫ్యాక్టరీ, 9,500 కోట్ల పెట్టుబడి. మంచిదే, మా పాలమూరు పిల్లలకు నాలుగు ఉద్యోగాలు వస్తే కాదనేవాడెవడు. కానీ దానికి ఒప్పందం కుదిరింది 2022 డిసెంబరులో, అంటే రేసుకు రెండు నెలల ముందు. పుట్టిన పిల్లకు తర్వాత కుదిరిన పెండ్లికొడుకును తండ్రిగా చూపించొద్దు.

ఇక రైలు. పందెం అంటే పొడుగాటి పందెం ఏదని ఎవరైనా అడిగితే ఫ్రాన్స్‌లో లె మాన్స్ అంటారు, 24 గంటలు ఆగకుండా తిరగాలి. వాళ్లు గద్వాల-మాచర్ల రైల్వే లైను సంగతి వినలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట మీదుగా పోవాల్సిన ఈ లైను మా తాతల నాటినుంచి సర్వే ట్రాకు మీద తిరుగుతూనే ఉంది. ఎన్నికలు వస్తే ఒక చుట్టు, బడ్జెట్ వస్తే ఒక చుట్టు. డ్రైవర్లు మారతారు, ఇంధనం అయిపోదు, గళ్ల జెండా పడదు. నాగర్‌కర్నూలుకు ఇప్పటికీ రైలు కూత వినపడదు. వనపర్తికి స్టేషను ఉంది, పేరు వనపర్తి రోడ్. దిగితే మదనాపురంలో దిగుతారు. స్టేషను పేరులో మేమున్నాం, స్టేషనులో లేము. ఆ రేసులో తెలంగాణ ఉన్నది కూడా ఇంచుమించు అట్లాగే.

కోపం వచ్చేది ఇక్కడ కాదు. రైలు రాకుంటే బస్సు ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి ఉంది, కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి వంతెన, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తా. రాత్రి పదకొండు దాటాక ఆ రోడ్డు పక్కన నిలబడి చూడండి, హైదరాబాద్-బెంగళూరు స్లీపర్ బస్సులు ఎట్లా పోతాయో. వేగం గురించి మాకు లండన్ నుంచి ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెంలో బెంగళూరు నుంచి వస్తున్న వోల్వో బస్సు కల్వర్టును గుద్దుకుని కాలిపోయింది. 45 మంది నిద్రలోంచి లేవలేదు. సరిగ్గా పదేళ్లకు, 2023 అక్టోబరు 30నే, రాజధానిలో రెండో రేసు ఒప్పందం మీద సంతకం పడింది. ఆ సంతకం పెట్టినవాళ్లలో ఒక్కరికైనా తారీఖు చూసి పాలెం గుర్తొచ్చి ఉంటుందని నేననుకోను. ఆ తర్వాత ఆ సంతకాన్ని పట్టుకుని ఫైళ్లన్నీ జల్లెడ పట్టినవాళ్లకు కూడా గుర్తొచ్చినట్టు లేదు. 2025 అక్టోబరు 24న, హైదరాబాద్ నుంచి మా ఊళ్ల మీదుగానే పోయిన ఇంకో బస్సు, తుంగభద్ర దాటాక కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయింది.

మోటారు రేసు ప్రపంచానికి నిజంగా ఇచ్చింది ఏదన్నా ఉంటే అది వేగం కాదు, మంటల్లోంచి మనిషిని బయటికి తెచ్చే విద్య. 2020 నవంబరులో బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకుపోయి రెండు ముక్కలై భగ్గున మండింది. అర నిమిషంలోపే అతను తనంతట తాను బయటికి వచ్చాడు. తల చుట్టూ ఉన్న ‘హేలో’ అనే కమ్మీ కాపాడింది. మండని గుడ్డతో కుట్టిన బట్టలు కాపాడాయి. మొదటి చుట్టులో రేసు వెనకాలే వచ్చే డాక్టరు కారు కాపాడింది. ఒక్కో నిబంధన వెనక ఒక్కో చావు ఉంది. ఒకడు చస్తే కూర్చుంటారు, ఎందుకు చచ్చాడో తేలుస్తారు, మరుసటి ఏడాది కారు మార్చేస్తారు. 2014లో జపాన్‌లో జూల్స్ బియాంకి కారు క్రేను కిందికి దూసుకుపోయింది. ఆ తర్వాత ప్రమాదం జరిగితే ట్రాకు మీది కార్లన్నీ వేగం తగ్గించి తీరాలన్న పద్ధతి మరుసటి ఏడాదికే వచ్చింది, 2018కి హేలో తప్పనిసరైంది.

55 కోట్లు పోసి తెచ్చుకోవాల్సింది ఏమన్నా ఉంటే అది ఆ విద్య. స్లీపర్ బస్సు ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో మోటారు రేసుల ప్రపంచ సంస్థ ఎఫ్ఐఏ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నెక్లెస్ రోడ్డు మీద కొలిచి ఉంటే నేనే పోయి సచిన్ పక్కన నిలబడి చప్పట్లు కొట్టేవాణ్ని. మనం కార్లు తెచ్చుకున్నాం, తారల్ని తెచ్చుకున్నాం, తోరణాలు కట్టుకున్నాం. ఆ ఆటలో ఉన్న లెక్క, ఆ ఆటలో ఉన్న విచారణ, ఆ ఆటలో ఉన్న ప్రాణభయం, వీటిని మాత్రం విమానాశ్రయంలోనే వదిలేశాం. గులాబీ ప్రభుత్వం కార్లను తెచ్చి విద్యను వదిలేసింది. ఈ ప్రభుత్వం కార్లను వదిలేసి కేసును ఉంచుకుంది.

కేసు పెట్టినవాళ్లకు ఆడంబరం గిట్టదని పొరపాటు పడొద్దు. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లోనే పెట్టారు. అందగత్తెలు మా పాలమూరు పిల్లలమర్రి దాకా వచ్చి ఊడలు పట్టుకుని ఫోటోలు దిగారు. రాష్ట్రం పేరు ప్రపంచపటంలోకి ఎక్కుతుందన్నారు. అంతకు రెండేళ్ల ముందు రేసప్పుడు కూడా ఇదే పటం, ఇదే ఎక్కడం. అదే 2025 డిసెంబరులో ఫుట్‌బాల్ మెస్సీ ఉప్పల్‌కు వస్తే ముఖ్యమంత్రి స్వయంగా బూట్లు వేసుకుని బంతి తన్నారు. బాగా ఆడారని చూసినవాళ్లు చెప్పారు, నేను కాదనను. రేపు ప్రభుత్వం మారితే, అందగత్తెల కిరీటం ఏ ఖాతా నుంచి కొన్నారు, బంతికి గాలి ఎవరి అనుమతితో కొట్టారు అని ఇంకో సీజను మొదలవుతుంది. ఎర్రవల్లి చాయ్ బండి దగ్గర ఆ అంకెలు కూడా మా వాళ్లు పొల్లు పోకుండా చెప్తారు.

ఇన్ని మాటలు అన్నాక, మాకు పందేలంటే గిట్టదనుకుంటారేమో. నడిగడ్డలో జాతర అంటే ఎద్దుల బండలాగుడు లేకుండా ఉండదు. కర్నూలు నుంచి, ప్రకాశం నుంచి, రాయచూరు నుంచి ఒంగోలు గిత్తలను లారీల్లో తోలుకొస్తారు. దానికీ విభాగాలున్నాయి, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సేద్యపు ఎద్దులు. బండ బరువు ముందే చెప్తారు, టైము ముందే చెప్తారు. జత ఎన్ని అడుగులు లాగిందో అంగుళాలతో సహా మైకులో చదువుతారు. మొదటి బహుమతి ఇంత, ఇచ్చింది ఫలానా ఊరి ఫలానా ఆయన, రెండో బహుమతి ఇంత, ఇచ్చింది వాళ్ల పాలివాళ్లు, పంతానికి. టేపు పట్టుకున్నవాడు ఒక అంగుళం తప్పు చదివితే నాలుగు వందల మంది లేచి నిలబడతారు. ఎద్దుల బాధ వేరే సంగతి, దాని మీద కోర్టుల మాటలూ ఉన్నాయి, నేను సమర్థించడం లేదు. పద్దు సంగతి చెప్తున్నాను. ఎవరి పైసలు, ఎంత, ఎవరికి పోయాయో పందెం నడుస్తుండగానే అందరికీ తెలుస్తుంది. రిజర్వు బ్యాంకు దాకా పోవాల్సిన అవసరం రాదు.

అందుకే, రాబోయే ప్రభుత్వం ఏదైనా సరే, దానికి నాదొక ప్రతిపాదన. వచ్చేసారి ప్రపంచ రేసు మా దగ్గర పెట్టండి. ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల కోట దాకా ట్రాకు. మలుపులు ప్రత్యేకంగా కట్టక్కర్లేదు, గుంతలు తప్పించుకుంటూ పోతే వెర్న్ లాంటివాడికి కూడా పద్దెనిమిదికి తగ్గవు. కరెంటు జూరాల నుంచే, తీగ ఖర్చు లేదు. విలేకరులను వనపర్తి రోడ్ స్టేషనులో దించుతాం, వనపర్తి ఎటో వాళ్లే వెతుక్కుంటారు. కార్లు పోయాక అదే ట్రాకు మీద రెండు స్లీపర్ బస్సులను నిలబెట్టి, నలభై మందిని ఎక్కించి, పొగ పెట్టి, ఎన్ని సెకన్లలో దిగుతారో మైకులో చదువుతాం. స్టీవార్డులుగా బండలాగుడు టేపు పట్టేవాళ్లే ఉంటారు, వాళ్ల మీద ఏ పార్టీ నోరెత్తలేదు.

ఒప్పందంలో షరతులు కొన్నే. సంతకం ఎన్నికల కోడ్‌లో పెట్టరాదు. డబ్బు సంతకం కంటే ముందు పోరాదు. ఎంత పోయిందో పోయిన రోజే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బస్టాండ్లలో పలక మీద సుద్దతో రాయాలి, పౌండ్లలో కాదు, రూపాయల్లో. లాభం లెక్కలో టీవీలో ఊరి పేరు కనపడిన సెకన్లు కలపరాదు. ప్రభుత్వం మారితే కొత్త మంత్రి పాత మంత్రిని కలిసి ఆ పలక ముందు నిలబడి అంకెలు ఒప్పజెప్పుకోవాలి, మధ్యలో ఏసీబీ ఉండరాదు. అంకెలు కలవకపోతే మాత్రం తప్పక ఉండాలి. పందెం రద్దయితే ఆ కబురు మాకు విదేశీ కంపెనీ ప్రకటనలో తెలియరాదు, ముందు రోజు పొద్దుననే ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేయించాలి, డప్పు కొట్టినాయనకు కూలి అప్పటికప్పుడే ఇవ్వాలి.